కోన్‌సీమలో సాయవ్వ

ఐస్‌క్రీమ్‌లో ముఖ్యమైనది ఐస్‌క్రీమే అనుకునే అమాయకులు మన జిల్లాలో ఇంకా అక్కడక్కడా మిగిలే ఉన్నారు. వాళ్ల మీద కోపం తెచ్చుకోకూడదు, జాలిపడాలి. ముఖ్యమైనది కోన్!

ఒకప్పటి కోన్ ఎలా ఉండేది? అట్టముక్కకు దూరపు చుట్టంలా, గోధుమరంగులో, చప్పగా ఉండేది. చేతికి అంటకుండా ఐస్‌క్రీమ్‌ను మోయడమే దాని ఉద్యోగం. ఉద్యోగం అయిపోగానే అదీ కడుపులోకే. పేరు లేదు, ఫొటో లేదు, ఫాలోయర్లు లేరు. ఇంత నోరులేని వస్తువును నాగరిక సమాజం ఎంతకాలమని భరిస్తుంది?

భరించలేకే నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ‘కోన్‌సీమ’ పుట్టింది. దాని యజమాని మధుకర్ గోదావరి జిల్లాల్లోని ఆ అసలు సీమను ఎన్నడూ చూడలేదు. కోన్ తన దగ్గరే ఉంది, సీమ అనేది ఎక్కడైనా ఉంటుంది, ఇంకేం కావాలి?

మధుకర్ అంతకుముందు అదే గదిలో మొబైల్ కవర్లు అమ్మేవాడు. ఫోన్ పగిలినా ఏడవని మనిషి కవర్ మీద గీత పడితే విలవిలలాడటం ఏళ్ల తరబడి దగ్గర్నుంచి చూశాడు. లోపల ఏముందో జనం పట్టించుకోరు, పైన ఏముందో చూస్తారు అన్న జ్ఞానం అతనికి అక్కడే కలిగింది. ఈ జ్ఞానం కోసం పూర్వం మునులు అడవులకు పోయేవారు. మధుకర్‌కు ఒక షట్టర్ సరిపోయింది.

ఆ దుకాణంలో దొరకని కోన్ లేదు. జొన్నరొట్టెను నిప్పుల మీద గట్టిపరిచి చుట్టిన కోన్ ఉంది. సకినాలను ఒకదానిమీద ఒకటి పేర్చి పాకంతో అతికించిన కోన్ ఉంది. తింటే నాలుక తారురోడ్డులా మారే బొగ్గు కోన్ ఉంది. కొత్తజంట కోసం రెండు మూతుల కోన్ ఉంది, ఆ జంట పోట్లాడుకుంటే మధ్యకు విరిచే ఏర్పాటు కూడా ఉంది. లోపల బల్బు వెలిగే కోన్ ఒకటి ఉంది. తినేటప్పుడు దాని బ్యాటరీని మింగకూడదని గోడ మీద రాసి పెట్టారు. కస్టమర్ అంటే అంత శ్రద్ధ!

ఇలాంటి కోన్ల వల్ల ఇబ్బందులున్నాయని కొందరు సణుగుతున్నారట. వాళ్లు మోస్రా ఊరి సాయవ్వకు జరిగింది వినాలి. విన్నాక కూడా సణుగుతామంటే అది వాళ్ల విజ్ఞత.

సాయవ్వ వయసులో ఉన్నప్పుడు బోధన్ చుట్టుపక్కల చెరుకు కోతలకు వెళ్లేది. గడను పంటితో చీల్చి, పొట్టు ఒలిచి, ముక్క విరిచి నమలడంలో ఆ కూలీల జట్టులో ఆమెతో పోటీ పడేవాళ్లు లేరు. కొడవలి ఇంట్లో మరిచిపోయి చేనుకు పోయినా ఆమెకు పని ఆగదని తోటివాళ్లు నవ్వేవారు. ఆ పళ్లన్నీ ఒక్కొక్కటే సెలవు తీసుకున్నాయి. చివరికి పైదవడలో నాలుగు మిగిలాయి. నాలుగూ నాలుగు దిక్కులకు చూస్తూ ఉండేవి.

అన్నం పిసికి తినొచ్చు కాబట్టి ఆమె ఊరుకుంది. కానీ మోస్రా చర్చిలో ఆదివారం పాట ఎత్తుకునేది సాయవ్వే. ఈమధ్య ‘స్తోత్రం’ అన్నప్పుడల్లా పాటకంటే ముందు ఈల బయటికి వస్తోంది. వెనక బెంచీల్లో పిల్లలు మోచేతులతో పొడుచుకుంటున్నారు. పాట ఆపడమా, పళ్లు పెట్టించుకోవడమా అన్నదాకా వచ్చింది. కోడలు రజిని ఒక శనివారం పొద్దున్నే బస్సెక్కించి కంఠేశ్వర్ తీసుకొచ్చింది.

కోన్‌సీమకు సరిగ్గా పైఅంతస్తులో డాక్టర్ భానుప్రసాద్ దంతవైద్యశాల ఉంది. సూది భయంతో సాయవ్వ పొద్దున్నుంచి చాయ్ కూడా తాగలేదు. డాక్టర్ ఆమెను మాటల్లో పెట్టి, ఆ మాట పూర్తయ్యేలోపు నాలుగు పళ్లూ తీసి పళ్లెంలో పెట్టాడు. చిగుళ్లు మానాక కొత్త సెట్టుకు కొలత తీసుకుంటానన్నాడు. నోట్లో దూది కుక్కి, రజిని చేతికి ఇంకో దూది పొట్లం ఇచ్చాడు.

“అరగంట దూది కొరికి పట్టు అవ్వా. తర్వాత చల్లటిది, మెత్తటిది తినాలె. వేడిది తాకొద్దు. ఐస్‌క్రీం తిను, మంచిది.”

సాయవ్వ కళ్లు పెద్దవయ్యాయి. నమ్మకం కుదరక కోడలి వైపు చూసింది. రజిని తలూపింది.

ఆమె బతుకులో ఐస్‌క్రీమ్ అనేది ఎప్పుడూ వేరేవాళ్లదే. జాతరలో కొడుక్కి కొన్నది, నిజాంసాగర్ డ్యామ్ మీద మనవలకు కొన్నది. వాళ్లు వదిలేసిన పుల్లను పారేసే ముందు ఒకసారి చప్పరించి చూసింది, అంతే. తనకంటూ ఒకటి అడగాలంటే సిగ్గు. ఇప్పుడు డాక్టరే తినమన్నాడు. మందును ఎవరితోనూ పంచుకోనక్కరలేదు కదా! నోట్లో దూదితోనే ఆమె మెట్లు చకచకా దిగింది. రజిని వెనకబడిపోయింది.

కౌంటర్‌లో నిఖిత అనే అమ్మాయి నవ్వుతూ అడిగింది. “ఏ కోన్ గావాలె అవ్వా?”

సాయవ్వ మాట్లాడలేక తన నోరు చూపించింది.

నిఖితకు వెంటనే అర్థమైపోయింది. లోపలికి వెళ్లి నోరు తెరిచిన చేప ఆకారంలో ఉన్న కోన్ తెచ్చి ముందు పెట్టింది. చేప నోటి నిండా జీడిపప్పు పలుకులతో పేర్చిన పళ్లు తళతళలాడుతున్నాయి. సాయవ్వ ఆ పళ్ల వైపు చాలాసేపు చూసింది.

ఇంతలో రజిని అందుకుంది. “గిది గాదు చెల్లే. మా అత్తమ్మకు ఇప్పుడే పండ్లు పీకిండ్రు. మెత్తటిది గావాలె.”

“మెత్తటి కోన్ మా దగ్గర ఉండదక్కా. మెత్తబడ్డదంటే మా సార్ పారేపిస్తడు.”

“కోనే వద్దు. ఐస్‌క్రీం ఒక్కటి గిన్నెల వేసియ్యి.”

పెళ్లికి వచ్చి, పెళ్లికొడుకుతో మాకు పనిలేదు విస్తరి వేయండి అన్నవాళ్లను చూసినట్టు అందరూ వాళ్లిద్దర్నీ చూశారు. నిఖిత భయపడి యజమానిని పిలిచింది.

మధుకర్ కోప్పడే మనిషి కాదు. పక్కన స్టూల్ లాక్కుని కూర్చుని ఓపిగ్గా చెప్పాడు. “అవ్వా, గిన్నెల వేస్తే దాన్ని ఐస్‌క్రీం అనరు, పాలబువ్వ అంటరు. మా దగ్గర కోనే కాన్సెప్ట్. గిన్నెల్లేవు, చెంచల్లేవు. చెంచ ఇస్తే కోన్‌ను నమ్మనట్టే గదా?”

అతని కళ్లలో ఆ నమ్మకం నిజంగానే ఉంది. సాయవ్వకు ఎదురు చెప్పబుద్ధి కాలేదు, పైగా దూది అడ్డం.

“నీకు నిజాంసాగర్ కోన్ ఇస్త. నమిలే పనే లేదు. డ్యామ్ లెక్కనే ఉంటది, ముందట గేట్లుంటయి. గేటు ఎత్తితె ఐస్‌క్రీం అదే దిగుతది. నోరు పెట్టుకుంటే సాలు.”

ఇంతకంటే వృద్ధులకు అనుకూలమైన ఆవిష్కరణ ఉంటుందా? సాయవ్వ దూది తీసేసి, కొంగుతో మూతి తుడుచుకుని సిద్ధమైంది. కోన్ వచ్చింది. అబ్బో, రాతికట్టడంలాగే ఉంది. మూడు గేట్లు, పైన చిన్న రోడ్డు, రోడ్డు మీద చాక్లెట్ కారు. ఆమె గేటు ఎత్తింది, నోరు పెట్టింది, ఎదురుచూసింది.

కాలువ చివర పొలం ఉన్నవాళ్ల పనులు చేసిన మనిషి ఆమె. పైన గేట్లెత్తారన్న కబురుకు, కింద మడిలోకి నీళ్లు రావడానికి మధ్య ఎంత ఓపిక కావాలో తెలుసు. అదే ఓపికతో కూర్చుంది. ఒక చుక్క వచ్చింది. నాలుకకు తగిలీ తగలక ఆరిపోయింది. రెండో గేటు ఎత్తింది, అది చేతికి ఊడి వచ్చింది. మూడోది కదలనే లేదు. ఇంతలో రజిని చీర మీద చల్లగా ఏదో పడింది. డ్యామ్‌కు అడుగున పగులు వచ్చి, ఉన్న కాస్త ఐస్‌క్రీమ్ అటు నుంచి వెళ్లిపోయింది.

“ఫొటో మంచిగొచ్చింది,” అన్నాడు మధుకర్.

పక్క బల్ల దగ్గర ఆర్మూర్ వైపు నుంచి వచ్చిన ఆశన్న అనే పసుపు రైతు, ఉబ్బిన దవడకు చెయ్యి ఆన్చి, బొగ్గు కోన్ అంచును పిల్లిలా నాకుతున్నాడు. అతను సాయవ్వ దిక్కు సానుభూతిగా చూశాడు.

“నువ్వు గూడ మీదికెల్లే దిగొచ్చినవా అక్కా?”

“మీదికెల్లే. నువ్వు?”

“నిన్న సకినాల కోన్ కొరికితె పన్ను ఇరిగింది. మీదికి వోతే పీకిండు. ఐస్‌క్రీం తినుమన్నడు. కిందికొచ్చిన.”

“తిన్నవా మరి?”

“తింటున్న.” ఆశన్న నాలుకతో నోట్లో ఏదో వెతుక్కున్నాడు. “ఇంకోటి కదులుతున్నది.”

సాయవ్వ తల తిప్పి చుట్టూ చూసింది. అప్పటిదాకా గమనించలేదు. కూర్చున్నవాళ్లలో సగం మంది దవడలు పట్టుకునే ఉన్నారు. కొందరు పైనుంచి దిగి వచ్చారు, కొందరు పైకి పోవడానికి లేస్తున్నారు.

ఇందులో కుట్ర వెతకకండి. డాక్టర్ భానుప్రసాద్ నిజాయితీగా మంచి సలహా ఇస్తున్నాడు, మధుకర్ నిజాయితీగా గట్టి కోన్ చేస్తున్నాడు. ఇద్దరు నిజాయితీపరుల మధ్య ఒక మెట్లదారి ఉంది, అంతే. రోగం కింద, వైద్యం పైన! ఏ మహానగరంలో ఉంది ఇంత దగ్గరగా ఈ సౌకర్యం? ఎముకలు విరిగే రోడ్లకు ఎముకల డాక్టర్లను ఇంత దగ్గర్లో పెట్టగలిగామా?

కానీ ఆకలి మీద ఉన్న మనిషికి ఈ అభివృద్ధి కనిపించదు. సూది మత్తు దిగుతోంది, చిగుళ్లు సలపడం మొదలైంది, కడుపు కాలుతోంది. కళ్ల ముందు ఇంతమంది చేతుల్లో ఐస్‌క్రీమ్ పేరుతో ఏదో ఒకటి ఉంది, తన నోట్లోకి మాత్రం ఒక చుక్క కంటే రాలేదు. సాయవ్వకు ఏడుపు వచ్చింది. ఏడిస్తే కోడలు చూస్తుందని కోపంగా మార్చుకుంది. బల్ల మీద ఎవరో వదిలేసి పోయిన జొన్న కోన్ తీసుకుని గబగబా మెట్లెక్కింది.

“ఎటు వోతున్నవ్ అత్తమ్మా?” అంటూ రజిని వెంటపడింది.

డాక్టర్ చేతులు కడుక్కుంటున్నాడు. సాయవ్వ కోన్‌ను ఆయన ముఖం ముందు పెట్టింది.

“సారూ, నువ్వు చెప్పిన మందు గిదేనా?”

“కోన్ తినుమనలేదవ్వా. లోపట ఐస్‌క్రీం ఉంటది, అది తినాలె.”

“లోపటికి తొవ్వ సూపియ్యి. నాకు దొరుకుత లేదు.”

భానుప్రసాద్ నవ్వాడు. రోజంతా ఇతరుల నోళ్లలోకి చూసే మనిషికి తన నోటి మీద ఉండే ధీమా వేరు. తెల్లకోటుతోనే కిందికి వచ్చాడు. అడుగున కాస్త కొరికితే దారి పడుతుందని అందరికీ వినపడేలా చెప్పి, కోన్‌ను పక్కకు తిప్పి, శాస్త్రీయంగా కొరికాడు.

టప్‌మని చప్పుడైంది. కోన్ విరిగిందనే అందరూ అనుకున్నారు. కోన్ అలాగే ఉంది.

డాక్టర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు. ముందు పన్ను సగం జొన్న కోన్‌లో జెండా కర్రలా నిలబడి ఉంది. జనం ఫోన్లు పైకి లేచాయి. ఆశన్న ఒక్కడే అసలు ప్రశ్న అడిగాడు.

“మరి సార్‌కు ఎవలు పీకుతరు?”

రజిని సంచీలోంచి దూది పొట్లం తీసి ఆయన చేతిలో పెట్టింది. సాయవ్వకు కోపం మొత్తం దిగిపోయింది. దగ్గరికి పోయి ఆయన వీపు మీద చెయ్యి వేసి, “అరగంట కొరికి వట్టు సారూ, తగ్గుతది,” అంది.

డాక్టర్ లేకపోతే తన కస్టమర్లు ఎక్కడికి పోతారు? మధుకర్‌కు మొదటిసారి భయం వేసింది. ఏం చేస్తున్నాడో తెలియకుండానే ఫ్రిజ్ తలుపు బార్లా తీశాడు. ఫ్రిజ్ నిండా కోన్లే, చెమ్మ తగిలి మెత్తబడకుండా వరుసగా పేర్చి ఉన్నాయి. మూలన చంటిపిల్లల పాలడబ్బా అంత ఐస్‌క్రీమ్ డబ్బా ఒకటి. దాంట్లోంచి ఇంత తవ్వి, తాను చాయ్ తాగే స్టీలు గ్లాసులో వేసి, చాయ్‌లో చక్కెర కలిపే చెంచాతో సహా సాయవ్వ చేతిలో పెట్టాడు.

“ముందుగాల నువ్వు తిను అవ్వా. తిని ఇంటికి వో.”

సాయవ్వ తింది. మొదటి చెంచా చిగుళ్లకు తగలగానే జివ్వుమంది, ఆ తర్వాత సలపరం ఒక్కసారిగా చల్లారిపోయింది. ఆమె కళ్లు మూసుకుంది. మింగడానికి మనసొప్పక నాలుక మీదే ఉంచుకుంది. ఎంత ఉంచుకుందామన్నా అది కరిగి దానంతట అదే గొంతులోకి దిగింది. ఇన్నేళ్లూ పిల్లలు పుల్ల కోసం కొట్లాడుకున్నది దీని కోసమా? రెండో చెంచా కోడలికి పెట్టబోయి ఆగింది. మందు కదా. తనే తినేసింది.

బల్బు కోన్ పట్టుకున్న ఒకతను ముందుకు వంగాడు. “అన్నా, అవ్వ తినేది ఏం కోన్? మెనూల లేదు?”

మధుకర్ గ్లాసు వైపు చూశాడు. అడిగినతని వైపు చూశాడు. పాత మొబైల్ కవర్ల వ్యాపారి అతనిలో లేచి కూర్చున్నాడు.

“కొత్తది. కోన్‌లెస్ కోన్.”

సాయంత్రానికి వరుస రోడ్డు మీదికి వచ్చింది. కోన్ లేకుండా కోన్ అమ్మవచ్చని అంతవరకు ఎవరికైనా తట్టిందా? జనం స్టీలు గ్లాసు పట్టుకుని, దాంట్లో లేని కోన్‌ను రకరకాల కోణాల్లో ఫొటోలు తీసుకున్నారు. కోన్ ఆకారం బాగా కుదిరిందని కొందరు మెచ్చుకున్నారు కూడా.

చిగుళ్లు మానాక సాయవ్వ కొత్త పళ్ల కోసం మళ్లీ వచ్చింది. డాక్టర్ పట్నం పోయి కట్టించుకున్న తన పన్నుతో నవ్వుతూ ఆమెకు సెట్టు అమర్చాడు. అద్దంలో చూసుకుని, ‘స్తోత్రం’ అని అని చూసింది. ఈల రాలేదు. ఆ సంతోషంలో కోడలి చెయ్యి పట్టుకుని కిందికి దిగింది.

దుకాణం మారిపోయింది. కోన్లు అటక ఎక్కాయి. గోడ నిండా అద్దాల అరలు, వాటిలో గ్లాసులు.

“ఏ గ్లాసు గావాలె అవ్వా?” అంది నిఖిత. “రాగిదున్నది, మట్టిదున్నది, వెదురు బొంగుదున్నది. చెరుకు పిప్పితోని చేసినది మొన్ననే వచ్చింది. తలకిందుల గ్లాసు గూడ ఉన్నది, దాంట్ల వేస్తే నిలువది గని రీల్ మస్తుగొస్తది.”

సాయవ్వ అరల వైపు చూడలేదు.

“ఐస్‌క్రీం ఉన్నదా బిడ్డా?”

నిఖిత ఫ్రిజ్ తీసి చూసింది. “ఉన్నది.”

“గట్లయితే గిండ్ల వెయ్యి.”

ఆమె అరచేయి చాపింది. చెరుకాకు కోతలతో గీతలు గీతలుగా ఉన్న వెడల్పాటి చెయ్యి. నిఖితకు ఏ నియమమూ గుర్తు రాలేదు. ఒక ముద్ద తీసి అందులో వేసింది.

లోపల్నుంచి మధుకర్ పరుగున వచ్చాడు. ఫోన్ అప్పటికే చేతిలో ఉంది. “ఆగవ్వా, చెయ్యి గట్లనే ఉంచు. హ్యాండ్ కోన్! దేవుని తోడు, గింత గొప్ప ఐడియా నాకెందుకు రాలే? జర ఆగు, ఫోకస్ అయితలేదు.”

ఫోకస్ అయ్యేసరికి అరచేయి ఖాళీగా ఉంది.

“అయ్యో, తిన్నవా? ఇంకోటి వేస్త, గీసారి కదలకు.”

“కదల బిడ్డా. వెయ్యి.”

రెండోసారి వెలుతురు సరిపోలేదు. మధుకర్ ఆమెను గుమ్మం దగ్గరికి తీసుకొచ్చేలోపు చెయ్యి మళ్లీ ఖాళీ. మూడోసారి ముద్ద సరిగ్గా మధ్యలో పడలేదని అతనే తినెయ్యమన్నాడు. ఆ తర్వాత ఒకసారి ఆటో అడ్డం వచ్చింది, ఒకసారి రజిని నవ్వు ఆపుకోలేక ఫ్రేములో పడింది. సాయవ్వ మాత్రం ఎంతో సహకరించింది. చెయ్యి చాపమన్నప్పుడల్లా చాపింది. డబ్బా అడుగు కనిపించేదాకా ఒక్క ఫొటో కూడా సరిగా రాలేదు.

“సాలా అత్తమ్మా?” అంది రజిని.

“సాలు,” అంది సాయవ్వ, వేళ్లు ఒక్కొక్కటే నాక్కుంటూ. “మస్తు ఉన్నది వీళ్ల ఐస్‌క్రీం. ఊరికె బద్‌నాం జేస్తున్నరు.”

కోన్లను తిట్టేవాళ్లు ఇప్పటికైనా నోరు మూసుకోవాలి. ఏ ఇబ్బందీ లేదని స్వయంగా తిన్న మనిషే సాక్ష్యం చెప్పింది కదా! ఇబ్బందల్లా మధుకర్‌కే వచ్చింది. ఇలాంటి కస్టమర్లు మరో ఇద్దరు వస్తే దుకాణం మూసుకోవాల్సిందేనని తెలుసుకుని, మరునాడు పొద్దున్నే గుమ్మం ముందు పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టాడు. ఇప్పటికీ అది అక్కడే ఉంది, ఎవరైనా వెళ్లి చదువుకోవచ్చు:

‘ఐస్‌క్రీమ్ తినడానికి వచ్చినవారు దయచేసి వేరే దుకాణం చూసుకోగలరు.’